రిజిస్ట్రేషన్‌కి ముందు ఇంకో పరీక్షా? అత్తాకోడళ్ళ వాదం

నర్సింగ్ కోర్సు పాసైన అమ్మాయి సర్టిఫికెట్లు పెట్టి దరఖాస్తు చేసుకుంటే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఆమె పేరు నమోదు చేస్తుంది. అప్పటి నుంచి ఆమె ఆర్ఎన్, ఆర్ఎం. అంటే రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్. మన దేశంలో దీనికి విడిగా లైసెన్స్ పరీక్ష లేదు. ఉండి తీరాలంటోంది మేనకోడలు, రాజమండ్రి వైపు ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్. అక్కర్లేదంటోంది మేనత్త, ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరై కోనసీమలో ఉంటోంది. ఇద్దరినీ నేనే కల్పించాను గానీ, వీళ్ళ మాటలు మన జిల్లాల్లో ఏ వార్డులోనైనా వినబడేవే.

మేనకోడలు: అత్తా, ఫైనలియర్ పిల్లల చేతికి పొటాషియం క్లోరైడ్ ఆంపుల్ ఇచ్చి ఎలా ఇస్తారని అడిగాను. ఒకమ్మాయి నేరుగా నరానికి ఎక్కించేస్తానంది. అలా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది! కొన్ని నెలల్లో ఆ అమ్మాయి ఆర్ఎన్.

మేనత్త: నువ్వేం చేశావు మరి?

మేనకోడలు: సెలైన్లో కలపాలి, నెమ్మదిగా పోవాలి, ఈసీజీ మీద కన్నుండాలి అని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

మేనత్త: చదువు చెప్పడం అంటే అదేనే. కాలేజీ చెయ్యాల్సిన పని కాలేజీ చేసింది. మధ్యలో ఇంకో పరీక్ష ఎందుకు?

మేనకోడలు: నేను అడిగాను కాబట్టి బయటపడింది. అడగని చోట? బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు. ఏ సెమిస్టర్ సబ్జెక్టు ఆ సెమిస్టర్లో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ పరీక్ష రాసి మర్చిపోతారు. మొదట్లో చదివింది చివర్లో గుర్తుందా అని ఎవరూ చూడరు. ఇదే అమ్మాయి నర్సుగా అమెరికా వెళ్ళాలంటే ఎన్‌క్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష రాయాలి. కంప్యూటర్ మన జవాబుల్ని బట్టి ప్రశ్న కష్టం పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. 85 ప్రశ్నలకే తేలిపోవచ్చు, 150 దాకా సాగొచ్చు. నలుగురు పేషెంట్లున్నారు, ముందు ఎవరి మంచం దగ్గరికి వెళ్తావు అని అడుగుతారు అందులో. బ్రిటన్‌కైతే కంప్యూటర్ పరీక్ష, దాని మీద చేతిపని చూసే ఓస్కీ. గల్ఫ్‌లో చాలాచోట్ల ప్రొమెట్రిక్ అనే కంప్యూటర్ పరీక్ష. పరాయి దేశం రోగికి ఇంత కట్టుదిట్టం ఉండి, రాజోలు రోగికి ఏమీ లేకపోతే ఎలా?

మేనత్త: రాజోలు రోగి మీద నీకు ప్రేమ ఉంటే ముందు ఇంకోటి చూడు. మన టౌన్లలో చిన్న ప్రైవేటు నర్సింగ్ హోముల్లో తెల్లకోటు వేసుకుని ఇంజెక్షన్లు చేసే పిల్లలందరికీ రిజిస్ట్రేషన్ ఉందా? టెన్త్ చదివి, డాక్టరు గారి దగ్గరే పని నేర్చుకుని, తక్కువ జీతానికి చేస్తున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? వాళ్ళనెవరూ అడగరు. కష్టపడి చదివి కౌన్సిల్‌కి ఫీజు కట్టిన పిల్లకే ఇంకో గోడ కడతానంటావు. ఆ గోడ తగిలి రిజిస్ట్రేషన్ రాకపోతే ఆ పిల్ల ఇంట్లో కూర్చోదే. రిజిస్ట్రేషన్ లేకుండానే, సగం జీతానికి అదే నర్సింగ్ హోములో చేరుతుంది. అప్పుడు మీ పరీక్ష ఎవర్ని కాపాడినట్టు?

ఈ మాటకు మేనకోడలు వెంటనే జవాబు చెప్పలేదు. నా దృష్టిలో ఈ వాదం మొత్తంలో బరువైన మాట ఇదే.

మేనకోడలు: అది తనిఖీలు లేక వచ్చిన జబ్బు. దానికోసం దీన్ని వదిలెయ్యమంటే నేనొప్పుకోను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం ఆసుపత్రికి పురిటి నొప్పులతో ఒకామె వస్తుంది. రాత్రి డ్యూటీలో ఒక్కతే సిస్టరు. బిడ్డ పుట్టిన నిమిషంలోపు ఆక్సిటోసిన్ పది యూనిట్లు కండకి ఇవ్వాలి, గర్భాశయం గట్టిపడిందో లేదో చేత్తో చూడాలి. వానాకాలంలో చేలో పాము కరిచినవాడు వస్తే రక్తం గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందేమో చూడాలి. విరుగుడు మందు ఎక్కుతున్నప్పుడు రియాక్షన్ వస్తే అడ్రినలిన్ అందుబాటులో ఉండాలి. ఆ సిస్టరుకి ఇవి వచ్చని ఈ రోజు ఎవరు హామీ ఇస్తున్నారు?

మేనత్త: ఇవన్నీ నాకు ఏ పుస్తకంలో వచ్చాయనుకున్నావు? మేము జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చదివినప్పుడు మూడున్నరేళ్ళు. వార్డే మా క్లాసు. ఇప్పుడు మూడేళ్ళు చేశారు, అందులో ఇంటర్న్‌షిప్ కూడా ఉంది, పరవాలేదు. కానీ పిల్లకి పేషెంటు కనబడాలి కదా! కాలేజీకి సొంత ఆసుపత్రి ఉండాలి, వంద మంచాలుండాలి, ముగ్గురు పేషెంట్లకి ఒక స్టూడెంటు అని నర్సింగ్ కౌన్సిల్ రూలే ఉంది. తనిఖీ రోజున మంచాలు నింపి చూపించే కాలేజీలున్నాయని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మంచం ఖాళీ, లాగ్‌బుక్ మాత్రం నిండుగా. ఆ కాలేజీ తప్పుకి నువ్వు పిల్లని ఫెయిల్ చేస్తావా?

మేనకోడలు: పిల్లలు వరసగా ఫెయిలైతేనే ఆ కాలేజీ బండారం బయటపడేది. అమెరికాలో నర్సింగ్ స్కూళ్ళకి వాటి విద్యార్థుల పాస్ శాతం చూసే పేరు.

మేనత్త: ఫెయిలైన పిల్లకి ఫీజు వెనక్కిస్తారా? లంకల్లో కౌలు చేసుకునేవాడు అప్పు చేసి కూతుర్ని చదివిస్తాడు. పరీక్ష పెట్టగానే విజయవాడలో కోచింగ్ సెంటర్లు వెలుస్తాయి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల బీపీ చూసి, డ్రిప్ పెట్టి, పేషెంటు మొహం చూసి తేడా కనిపెడుతుంది. ఇంగ్లీషులో నాలుగు ఆప్షన్లిస్తే తడబడుతుంది. డాక్టర్లకే 2019 చట్టంలో నెక్స్ట్ అని ఫైనల్ పరీక్ష పెట్టాలని రాశారు, అది ఇంతవరకూ మొదలవలేదు. ముందు నర్సుల మీద ప్రయోగమా?

మేనకోడలు: విదేశాల్లో చదివొచ్చిన డాక్టర్లు ఇక్కడ రిజిస్ట్రేషన్ కోసం ఎఫ్ఎంజీఈ అనే పరీక్ష రాస్తూనే ఉన్నారుగా. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకి నార్సెట్ అనే ఎంపిక పరీక్ష రాయాలి. జీఎన్ఎం వాళ్ళకైతే యాభై మంచాల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం కూడా అడుగుతారు. అంటే సర్టిఫికెట్ ఒక్కటీ చాలదని వాళ్ళకి తెలుసు. ఎయిమ్స్‌కి వెళ్ళలేని మనవాళ్ళకే ఆ వడపోత లేదు. 2023లో కొత్త నర్సింగ్ కమిషన్ చట్టం వచ్చింది, 1947 నాటి చట్టం స్థానంలో. ఇప్పుడు అడక్కపోతే మళ్ళీ ఎప్పుడు అడుగుతాం?

మేనత్త: సరే, ఒకటి చెప్తాను. ప్రశ్నపత్రం కాదు, చేతిపని చూడండి. జిల్లా ఆసుపత్రిలోనే, తెలుగులో మాట్లాడించి. డ్రిప్ పెట్టమనండి, పీపీహెచ్, అంటే కాన్పయ్యాక ఆగని రక్తస్రావం, వస్తే ఏం చేస్తావో బొమ్మ మీద చేసి చూపించమనండి. బయటి కాలేజీ వాళ్ళు మార్కులెయ్యాలి. తప్పినవాళ్ళకి అదే ఆసుపత్రిలో స్టైపెండ్ ఇచ్చి మూడు నెలలు నేర్పించి, ఫీజు లేకుండా మళ్ళీ చూడాలి. అలాగైతే నేనే వచ్చి కూర్చుంటాను.

మేనకోడలు: అదే ఓస్కీ అంటే! నాకు ఇష్టమే. కానీ రాత పరీక్ష కూడా ఉండాలి. డోసు లెక్క చెయ్యడం రాని చేయి ఎంత నేర్పుగా సూది వేసినా ప్రమాదమే.

మేనత్త: లెక్క కూడా మంచం పక్కనే చేయించవే. కాగితం మీద ఎందుకు?

మేనకోడలు: మంచం పక్కన ఒక్క లెక్కే అడగగలం అత్తా. కాగితం మీద ముప్పై అడగొచ్చు.

మేనత్త: అక్కడ మాత్రం నీకూ నాకూ కుదరదు.