సవరణ: స్కర్టు పొడవు, మాంద్యం

మాంద్యం రాగానే స్త్రీల స్కర్టుల పొడవు పెరుగుతుందని మొన్నటి పోస్టులో రాశాను. ‘రాగానే’ అనడం నా తప్పు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ ఆర్థికవేత్తలు 1921 నుంచి 2009 దాకా ఫ్యాషన్ పత్రికల్లోని స్కర్టుల పొడవును పరిశీలించి, ఆ మార్పు దాదాపు 3 ఏళ్లు ఆలస్యంగా వస్తుందని 2010లో తేల్చారు. పైగా అది పాశ్చాత్య దుస్తుల లెక్క.

హన్మకొండలో కుట్టుపని చేసే అక్కలు కొందరు, ఇక పొట్టి కుర్తీల ఆర్డర్లు రావేమోనని టెన్షన్ పడ్డారు. ఆ లెక్క మనకు వర్తించదు. చేతిలో డబ్బు ఆడనప్పుడు ఇక్కడ నేను చూసింది వేరు: ముందు జాకెట్ల మీద మగ్గం వర్క్ తగ్గుతుంది, అమ్మ పాత పట్టుచీరతో పిల్లకు లంగా కుట్టించేవాళ్లు పెరుగుతారు. కుర్తీ గుడ్డ తెచ్చుకోవడం మాత్రం ఆపకండి అక్కా.