వెనక్కి నడువని స్టెర్న్‌డ్రైవ్ దొరకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్టెర్న్‌డ్రైవ్ దొరవారి సముఖమునకు,
మకాం: మా సేటు పాత స్పీడ్ బోటు వెనక గోడ, సగం నీళ్లల్ల, సగం ఎండల.

మేమిక్కడ అందరం క్షేమం. నువ్వు క్షేమంగ లేవని నాకు తెలుసు, సేటుకే ఇంక నమ్మకం కుదురుతలేదు. అందుకే నలుగురు సదివేటట్టు రాస్తున్న. తెల్వనోళ్లకు ఒక మాట: స్టెర్న్‌డ్రైవ్ అంటే పడవ వెనక బయటికి ఉండి, కొసకు ప్రొపెల్లర్ పెట్టుకొని పడవను తోసే, మలిపే కాలు.

ముందుకు పొమ్మంటే నీ అంత బుద్ధిమంతుడు లేడు దొరా. వచ్చిన చిక్కంతా జెట్టీ కాడనే. రివర్స్ గేరు పడ్డదంటే నీ దొరతనం మొదలైతది. స్టీరింగ్ సక్కగ పట్టుకున్నా పడవ తోక ఎక్కువసార్లు ఎడమకు జరుగుతది. కుడికి తిప్పితే కొంచెంసేపు ఆలోచన చేస్తవ్. ఇంకింత తిప్పితే ఒక్కసారిగ మళ్లి జెట్టీకి కట్టిన టైర్లను గుద్దుతవ్. కట్ట మీద కూసున్నోళ్లంతా ట్రాక్టర్ డ్రైవర్లేనాయె. ట్రాలీని వెనక్కి పెట్టాల్నంటే స్టీరింగ్ ఉల్టా తిప్పుడు వాళ్లకు చేతిలెక్క. అదే లెక్కన "ఎడమకు కట్ కొట్టు, ఎడమకు!" అని ఒర్రుతరు. నీకు ట్రాలీ లెక్క పనికిరాదు. రివర్స్‌ల స్టీరింగ్ కుడికి తిప్పితే నీ ప్రొపెల్లర్ కుడిమూలకు మళ్లి తోకను అటే గుంజుకపోతది. అది కూడా ముందు స్టీరింగ్ తిప్పి, తర్వాత గేరు వేస్తేనే. మా డ్రైవర్ పిలగాడు ముందు గేరు వేసి, తర్వాత దేవుణ్ణి తలుసుకుంటడు.

నిన్ను ఉత్తపుణ్యానికి తిట్టను. నీ గుణంల సగం పుట్టుకతోటి వచ్చిందే. మీ వంశపోళ్లు 1959ల న్యూయార్క్ బోట్ షోల వోల్వో పెంటా ఆక్వామాటిక్ పేరుతోటి జనం ముందుకు వచ్చిండ్రు. ఇంజను పడవ లోపల, తిరిగే కాలు బయట. మంచి ఉపాయమే. గని చుక్కాని పెట్టలే. ఆ కాలు తిరుగుడే చుక్కాని, ప్రొపెల్లర్ తోసుడే దాని బలం. న్యూట్రల్‌ల పెట్టి స్టీరింగ్ ఎంత తిప్పినా పెద్దగ ఫాయిదా లేదు, గాలి ఎటు కొడితే పడవ ముక్కు అటే. వెనక్కి పోయేటప్పుడు ఇంకింత అధ్వానం. ముందుకు తోయనీకి చేసిన రెక్కలు ఉల్టా తిరుగుతయ్, అవి నెట్టిన నీళ్లు పోయి పడవ వెనక గోడకే తగులుతయ్. ప్రొపెల్లర్ బొడ్డులకెళ్లి పొగ వదిలే రకమైతే ఆ పొగను మళ్ల రెక్కలే మింగుతయ్. రేసు పెంచినకొద్ది నురుగు వస్తది, పట్టు రాదు. ఇగ కుడివాటం ప్రొపెల్లర్ (ముందుకు పోయేటప్పుడు వెనకకెళ్లి చూస్తే గడియారం ముల్లు తీరు తిరిగేది) రివర్స్‌ల తోకను ఎడమకు నడిపిస్తది. ఒకదానెనక ఒకటి ఎదురెదురు తిరిగే జంట ప్రొపెల్లర్ల డ్రైవులకు ఈ గుణం దాదాపు ఉండది. మా సేటు కొన్నది ఆ జాతి కాదు, అది చవుక రేటుకు వచ్చినప్పుడే నాకు అర్థమైంది.

నీ తెలివంతా ఇక్కడ్నే ఉన్నది దొరా. "స్టెర్న్‌డ్రైవ్ అంటే గంతే బై, రివర్స్‌ల మాట వినది" అని సేటు అందరికి చెప్పుకుంట తిరుగుతడు. ఆ ఒక్క మాటను దుప్పటి కప్పుకొని నువ్వు లోపల రోగాలు పెంచుకున్నవ్. గుణానికి, రోగానికి తేడా ఉన్నది. గాలి లేని పొద్దుగాల, స్టీరింగ్ సక్కగ పెట్టి, రేసు ఇయ్యకుంట రివర్స్ వేసి చూడాలె. ఎన్నిసార్లు వేసినా ఒక్క దిక్కే, ఒక్క తీరే జరిగితే అది పుట్టుక. ఓసారి ఎడమకు, ఓసారి కుడికి, ఓసారి ఎటూ పోకుంట ఉంటే అది అరుగుడు. నువ్వు ఈ రెండో రకం.

సాక్ష్యం కావాల్నా? పడవను ఒడ్డుకెక్కించి, ఇంజను ఆపి, తాళంచెవి నా జేబుల వేసుకున్న. డ్రైవర్ పిలగాణ్ణి స్టీరింగ్ మెల్లగ తిప్పుమన్న. లోపల స్టీరింగ్ లివర్ కదిలింది, బయట నువ్వు కదల్లే. తర్వాత నీ కాలును రెండు చేతుల పట్టుకొని ఎడమకు కుడికి ఊపిన. లోపలి లివర్ ఉలుకలే పలుకలే, పైన మాత్రం టక్కు, టక్కు అన్నది. నిన్ను మోసేది, తిప్పేది గింబల్ రింగు. దాని నెత్తిమీది నలుపలకల రంధ్రంల షాఫ్టు గట్టిగ కూసోవాలె. ఆ బిగింపు నట్లు ఎప్పుడో వదులైనయ్, నాలుగు మూలలు అరిగి గుండ్రమైనయ్. స్పీడుల ముందుకు పోతున్నప్పుడు తోపుడు నిన్ను ఒక్క పక్కకు ఒత్తిపెడతది కాబట్టి ఆ వదులు ఎవ్వరికి దొరకలే. రివర్స్‌ల తోపుడు మారంగనే ఆ సందుల ఊగుతున్నవ్. మూలలు అరిగినంక నట్టు ఎంత బిగించినా మూన్నాళ్ల ముచ్చటే. రింగు, షాఫ్టు రెండూ మార్చాలె.

సేటు మాత్రం ఎవరో చెప్తే ముందే కొత్త స్టీరింగ్ కేబుల్ కొన్నడు. అడిగితే పైసా ఖర్చు లేకుంట చెప్పేటోన్ని. కేబుల్‌ను నీ కాడికెళ్లి ఊడదీసి చూస్తే తెల్వదా? ఊడదీసినంక కూడా స్టీరింగ్ బిగుసుకొని ఉంటే తప్పు కేబుల్‌దన్నా కావాలె, స్టీరింగ్ డబ్బాదన్నా కావాలె. స్టీరింగ్ అల్కగ తిరిగి, కాలు చేతికి రాకుంటే తప్పు నీ బేరింగులది. ఇగ గ్రీజు కొట్టుడు. కేబుల్ రాడ్డు పూర్తిగ లోపలికి పోయినంకనే నిప్పిల్‌కు గ్రీజు పెట్టాలె. రాడ్డు బయట ఉండంగ పెడితే ఆ గ్రీజే లోపల అడ్డంపడి స్టీరింగ్‌ను పట్టేస్తది. పవర్ స్టీరింగ్ ఉన్న బోట్లకు ఆయిల్, బెల్టు చూసుడు వేరే పని, నీకు ఆ భోగం లేదు.

నీ కొక్కెం సంగతి మర్చిపోలే. రివర్స్‌ల కాలు పైకి లేవకుంట పట్టుకునే ఆ పాత కొక్కెం అరిగితే, రేసు ఇయ్యంగనే కాలు పైకి తన్నుకొని ప్రొపెల్లర్ నీళ్ల మీదికి వస్తది. అప్పుడు వెనక్కి పోవుడు అటుంచు, ఉన్న కాడ ఉండుడే కష్టం. నీళ్లు పడవ లోపలికి రాకుంట ఆపే నీ మడతల రబ్బరు తొడుగులు, బెలోస్ అంటరు, అవి కూడ పగుళ్లకు వచ్చినయ్, అవి చినిగితే స్టీరింగ్ బాధ ఉండది, పడవే ఉండది. మా చెరువుల గుర్రపుడెక్క, తెగిన వలల దారం నీ షాఫ్టుకు చుట్టుకుంటయ్, అది మాత్రం నీ తప్పు కాదని ఒప్పుకుంట.

"ముసలోన్ని అయిన" అనే సాకు మాత్రం ఈ దిక్కు చెల్లది దొరా. రేచర్ల రుద్రుడు 1213ల కట్టిచ్చిన రామప్ప గుడికి 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నాటివి, వాటి కింద ఇప్పటికీ నాట్లు పడుతున్నయ్. కట్టకు మట్టి పోస్తరు, తూము బాగుచేస్తరు, కాబట్టి నిలబడ్డయ్. నీ నట్లు మాత్రం కొన్న నాటికెళ్లి ఒక్కరు ముట్టలే.

రింగు, షాఫ్టు ఆర్డర్ పెట్టించిన. అవి వచ్చేదాంక నీ రివర్స్ బంద్. జెట్టీ కాడ ముక్కుకు ఒక తాడు, తోకకు ఒక తాడు, గుంజనీకి ఇద్దరు పోరగాళ్లు. వాళ్ల కూలి సేటు ఖాతాల రాసిన. కేబుల్ వాపస్ తీసుకుంటరా అని షాపాయన్ను అడిగితే ఫోన్ పెట్టేసిండు, ఆ సంగతి నువ్వే సేటుకు చెప్పు.

ఇట్లు,
నీ మెకానిక్,
హనుమకొండ.