నాలుగో బంతి ఎవరి కబ్జాలో ఉంది?

స్వాధీనం అంటే ఏమిటో హైదరాబాద్ వాళ్లకు అమెరికా వాళ్లు పాఠం చెప్పడమా! చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే మేరలో, ఐదంతస్తులు లేపి, ఇంటి నంబరు, కరెంటు మీటరు, నల్లా కనెక్షన్ అన్నీ తెచ్చుకుని, వానాకాలం రాగానే "సెల్లార్‌లోకి ఈ నీళ్లెక్కడివండీ?" అని అమాయకంగా అడగగల ఊరు మనది. అలాంటి ఊరి పిల్లల చేతిలో ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే బడిపిల్లల రోబో పోటీ వాళ్లు ఓ రూల్స్ మాన్యువల్ పెట్టి, మీ రోబో దగ్గర ఒకేసారి 3 బంతులకు మించి ఉండకూడదు అన్నారు.

2025-26 సీజన్ ఆట పేరు డీకోడ్. పన్నెండడుగుల చదరపు మైదానం, 5 అంగుళాల బంతులు 36, వాటిలో 24 ఊదా, 12 ఆకుపచ్చ. మొదటి 30 సెకన్లు రోబో తనంతట తాను ఆడుతుంది, తర్వాత 2 నిమిషాలు పిల్లలు నడుపుతారు. బంతి రోబో మీదో లోపలో కిందో ఇరుక్కుని ఉంటే అది రోబో అధీనంలో ఉన్నట్టే. కావాలని ఓ దిక్కుకు తోలుకుపోయినా అంతే. దారిలో అడ్డొచ్చి తగిలితే మాత్రం కాదు, ఎక్కడినుంచో వచ్చి కొట్టుకుని ఎగిరిపోయినా కాదు. గొర్రెల్ని తోలడానికీ, గొర్రె అడ్డు రావడానికీ ఉన్న తేడా. ఏడో తరగతి పిల్లలకు ఒక్క సాయంత్రంలో తలకెక్కింది. ఎక్కనిది నాన్నలకే.

అసలు రాసింది రాసినట్టే చదువుకోండి, లోపల దాచిన అర్థాలేం లేవు అని మాన్యువలే చెబుతుంది. లింకు డాక్యుమెంట్లు చూడనిదే గజం స్థలం కొనని మనవాళ్లకు ఇంతకన్నా అనుమానించాల్సిన మాట ఇంకోటి ఉంటుందా?

మొన్న కొండాపూర్ వైపు ఓ స్కూలు హాల్లో నాలుగైదు జట్లు కలిసి ప్రాక్టీస్ మ్యాచ్‌లు పెట్టుకున్నాయి. ఒక రోబో మూడు బంతులు మింగింది. నాలుగోది బంతుల్ని లోపలికి లాగే రోలర్‌కీ పక్క ప్లేట్‌కీ మధ్య ఇరుక్కుని సగం మైదానం దర్జాగా ఊరేగింది. రిఫరీ ఇంజినీరింగ్ రెండో ఏడాది కుర్రాడు. ఫౌల్ ఇచ్చాడు. మైనర్ ఫౌల్, ఎదుటి జట్లకు 5 పాయింట్లు. ఐదంటే ఐదే.

మ్యాచ్ అవ్వగానే ఒక నాన్నగారు లేచారు. సివిల్ లాయరు, భూముల కేసులు చూస్తారు.

"బాబూ, ఆ బంతి రోబోలో ఉందా, రోబోను ఆనుకుని ఉందా?"

"ఇరుక్కుని ఉంది అంకుల్."

"ఇరుక్కున్నది ఎవరు? బంతి. మరి ఆక్రమించింది ఎవరు? బంతే కదా! మావాడి రోబో ఇందులో బాధితుడు."

ఈలోగా రెండో నాన్నగారు, సాఫ్ట్‌వేర్, ఫోన్ పట్టుకొచ్చారు. సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ వీడియో. వేళ్లతో సాగదీసి, సాగదీసి, బంతికీ ప్లేట్‌కీ మధ్య సన్నటి వెలుతురు గీత చూపించారు. "అది గాలి. అంటే గ్యాప్ ఉన్నట్టేగా?" మ్యాచ్ వీడియోలు రిఫరీలు చూడకూడదని రూలు. ఆ కుర్రాడు ఆ మాటే చెప్పాడు, పాపం, చేతులు వెనక్కి కట్టుకుని. "కోర్టులే ఎలక్ట్రానిక్ సాక్ష్యం తీసుకుంటున్నాయి, నువ్వు తీసుకోవా?" అని లాయరుగారు ఉరిమారు. అంతటితో ఆగారా? 1963 లిమిటేషన్ చట్టం ఎత్తారు. పరాయివాడి స్థలంలో కూర్చున్నవాడు హక్కు అడగాలన్నా 12 ఏళ్లు కూర్చోవాలట, సర్కారు భూమైతే 30 ఏళ్లట. "క్షణికం అంటే సుమారు 3 సెకన్లని మీ పుస్తకమే అంటోంది. పన్నెండేళ్లెక్కడ, మూడు సెకన్లెక్కడ? ఆ 'సుమారు'ను ఎవరు కొలిచారు? సర్వేయరు వచ్చాడా?"

ఈ వాదనలో బలముందని నేనూ ఒప్పుకుంటున్నాను. కాబట్టి వచ్చే సీజన్‌లో నాలుగో బంతికి, అక్రమ లేఅవుట్లను సక్రమం చేసే ఎల్‌ఆర్‌ఎస్ లాంటిది పెట్టాలని మనవి. వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేసుకుంటే చాలు, మార్చి 31లోపు మిగతా సొమ్ము కట్టినవారికి మనకు అలవాటైన 25 శాతం రాయితీ. కటాఫ్ తేదీకి ముందు ఇరుక్కున్న బంతులన్నీ సక్రమం. ఐదో బంతి పట్టినవాళ్ల కోసం మైదానం అంచున, చెరువు కబ్జాలు కూల్చే హైడ్రా వాళ్ల జేసీబీ ఒకటి నిలబెట్టాలి. అది కూడా ముందు పక్కింటివాళ్ల రోబో మీదికే వెళ్లాలి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ తర్వాత జరిగిందే నాకు మింగుడు పడట్లేదు.

అభ్యంతరం ఉంటే జట్టులోంచి ఒక విద్యార్థి మాత్రమే క్వశ్చన్ బాక్స్‌లో నిలబడి అడగాలి. పెద్దవాళ్లకు అక్కడ చోటు లేదు. అందుకని రోబో నడిపిన అమ్మాయిని పిలిచారు. "తల్లీ, మేం పట్టలేదు, అదే తగిలిందని చెప్పు. నాలుగని నోరు జారకు." ఆ పిల్ల అంతకు రెండు నిమిషాల ముందే పిట్‌లో, అంటే జట్లు రోబోను బాగుచేసుకునే చోట, తోటివాళ్లతో అంటోంది: "నాలుగోది పట్టేసింది రా, రోలర్ దగ్గర సెన్సర్ పెడదాం, మూడు రాగానే వెనక్కి తిరిగేలా." తప్పు తెలుసుకుంది, కారణం పట్టుకుంది, మందు కూడా కనిపెట్టింది. ఇంజినీరింగ్ అంటే అదే కదయ్యా! దానికోసమే కదా వేలకు వేలు ఫీజులు కట్టి పంపింది? ఆ బిడ్డను పట్టుకెళ్లి, చూసింది చూడలేదని చెప్పమని నేర్పిస్తారా? అయిదు పాయింట్ల కోసం? సిగ్గుండాలి. అమెరికా కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి ఒక కప్పు కావాలంటే బేగంబజార్‌లో దొరుకుతుంది, మీ పేరు కూడా చెక్కిస్తారు. పిల్లల నోట్లో అబద్ధం పెట్టనక్కర్లేదు.

ఆ అమ్మాయి వెళ్లింది, అప్పజెప్పిన రెండు వాక్యాలూ అప్పజెప్పింది. హెడ్ రిఫరీ విని, ఫౌల్ ఫౌలే అన్నాడు. ఇంకో సంగతి, ఆ మ్యాచ్ వాళ్లు ఓడింది 40కి పైగా పాయింట్ల తేడాతో. ఆ ఐదూ తీసేసినా ఓటమే.

తర్వాతి మ్యాచ్‌కి ఇరవై నిమిషాలుంది. సెన్సర్ కోడ్ రాసుకుంటాం, ల్యాప్‌టాప్ ఇవ్వండని పిల్లలు అడిగారు. అది ఖాళీగా లేదు. దాని ముందు ఇద్దరు నాన్నగార్లూ కూర్చుని ఇంకా ఫ్రేములు లెక్కపెడుతున్నారు.