ట్రెక్ ప్యాకేజీలో లేని ఆ ఒక్క రోజు

2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ సరస్సు దగ్గర 22 మంది ట్రెక్కింగ్ బృందం మంచుగాలిలో చిక్కుకుంది. ఎక్కువ మంది బెంగళూరు నుంచి వెళ్లినవాళ్లే. పైకి వెళ్లి క్యాంపుకు తిరిగి వస్తుంటే వాతావరణం తిరగబడింది. తొమ్మిది మంది చనిపోయారు. మిగిలిన 13 మందిని హెలికాప్టర్లతో, సహాయ బృందాలతో కిందికి తీసుకొచ్చారు. కర్ణాటక మంత్రి కృష్ణ బైరేగౌడ డెహ్రాడూన్ వెళ్లి దగ్గరుండి చూసుకున్నారు. ఏళ్ల తరబడి కొండలెక్కిన అనుభవం ఉన్నవాళ్లు కూడా ఆ బృందంలో ఉన్నారు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా బెంగళూరు మారతహళ్లిలోనో, బెల్లందూరులోనో అద్దెకుండే తెలుగు పిల్లలకు ఊళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. "ఆ కొండలూ గిండలూ మనకెందుకు నాన్నా, మానెయ్" అంటుంది అమ్మ. "అది వాతావరణం వల్ల జరిగిందమ్మా, మాతో గైడ్ ఉంటాడు" అంటాడు కొడుకు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఆ సంభాషణలో అసలు విషయం ఎప్పుడూ రాదు. కొండమీద వాతావరణం చెడుతుంది, అది ఎవరి చేతిలోనూ లేదు. చెడినప్పుడు ఒక రోజు ఆగడానికి మన దగ్గర సమయం ఉందా లేదా అన్నది మాత్రం బెంగళూరులో టికెట్లు బుక్ చేసే రోజే తేలిపోతుంది.

ఐటీ ఉద్యోగికి ఒకేసారి దొరికే సెలవులు మహా అయితే ఐదు. రెండు వైపులా వీకెండ్లు కలిపితే తొమ్మిది రోజులు. శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ మూసి దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకు పరుగు, ఆ తర్వాతి వారం ముగిసిన సోమవారం పొద్దున మళ్లీ లాగిన్. నడుమ డెహ్రాడూన్ నుంచి, ట్రెక్ మొదలయ్యే సంక్రి ఊరి దాకా ముస్సోరీ, పురోలా, మోరి మీదుగా రోజంతా ఘాట్ రోడ్డు, అదే దారిలో ఇంకో రోజు తిరుగు ప్రయాణం. నిర్వాహకులు ఈ లెక్క మనకన్నా బాగా చూసుకుంటారు. ఒకరు ఏడు రోజుల్లో తిప్పి తెస్తానంటే పక్కవాళ్లు ఆరు రోజులకు దించుతారు. మనం ఆరు రోజులదే కొంటాం. అలా కోసేసిన రోజు దాదాపు ఎప్పుడూ విశ్రాంతి రోజే, లేదంటే వాతావరణం కోసం అట్టిపెట్టిన అదనపు రోజు.

దాని విలువ శరీరానికే తెలుస్తుంది. కర్ణాటకలో అన్నిటికన్నా ఎత్తయిన ముల్లయ్యనగిరి 1,930 మీటర్లు. మన అల్లూరి జిల్లా అరమకొండ 1,680 మీటర్లు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. అంటే దక్షిణాదిలో మనం ప్రాక్టీస్ చేసే కొండలు దాదాపు ఏవీ ఆ పరీక్ష పెట్టవు. కుమారపర్వతం ఎక్కితే కాళ్లు గట్టిపడతాయి, ఊపిరి పెరుగుతుంది, అంతవరకే. 4,000 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే 60 శాతం పైచిలుకు మాత్రమే ఉంటుంది. దానికి శరీరం అలవాటు పడటానికి కావలసింది రోజులు. జిమ్‌లో పెంచిన కండ ఆ పని చేయదు. కుర్రవాడూ, మారథాన్ పరిగెత్తేవాడూ కూడా పడిపోతాడు. అసలు ఫిట్‌గా ఉన్నవాళ్లు వేగంగా ఎక్కేస్తారు కాబట్టి వాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కొండ వైద్యం తెలిసినవాళ్లు చెప్పే సూత్రం ఒకటుంది. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కన్నా 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకసారి ఎత్తు పెంచకుండా ఆగాలి. ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా వెళ్లే కేదార్‌కంఠ చూడండి. శిఖరం 3,810 మీటర్లు. సంక్రి సుమారు 1,950. చాలా ప్యాకేజీల్లో మొదటి క్యాంపు 2,800 దగ్గర, రెండోది 3,400 దగ్గర ఉంటుంది. ఆ తెల్లవారుజామునే చీకట్లో శిఖరానికి బయలుదేరదీస్తారు. ఎక్కువ మంది బాగానే తిరిగొస్తారు, అది నిజం. బాగాలేనివాళ్లు ఆగడానికి మాత్రం ఆ షెడ్యూల్లో చోటు లేదు.

చోటు లేనప్పుడు మనుషులు ఏం చేస్తారో సాయంత్రం డైనింగ్ టెంట్‌లో చూడొచ్చు. ట్రెక్ లీడర్ రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సిమీటర్ పట్టుకుని ఒక్కొక్కరి వేలికి పెడుతూ వస్తాడు. వరుసలో ఉన్న కుర్రాడు ముందే గ్లోవ్స్ తీసి అరచేతులు గట్టిగా రుద్దుకుంటాడు. తన వంతు రాగానే లోతుగా నాలుగు ఊపిరులు పీలుస్తాడు. అంకె 76 నుంచి 84కి ఎక్కుతుంది. "తలనొప్పి ఉందా భయ్యా?" అంటే "లేదు" అంటాడు. గంట కింద డోలో మింగాడు, తినాలనిపించక పప్పన్నం పక్కన పెట్టేశాడు, ఆ సంగతి పక్క టెంట్ మిత్రుడికి తప్ప ఎవరికీ తెలియదు. నేను ఇది చాలాసార్లు చూశాను. వాళ్లు మూర్ఖులు కారు. పదివేలు పైన డబ్బు కట్టారు, మేనేజర్‌ని బతిమాలి లీవ్ తెచ్చుకున్నారు. ఇక్కడ ఆగితే మళ్లీ ఎప్పుడొస్తామో తెలియదు. ఆ టెన్షన్‌లో నిజం చెప్పడం కష్టం. కానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరితే, మెదడు వాస్తే, కిందికి దించడమే అసలు వైద్యం. నిజం దాచిన ప్రతి గంటా ఆ దిగుడు ఆలస్యమవుతుంది.

తెలుగు ఇళ్లలో ఎవరెస్ట్ అనగానే మాలావత్ పూర్ణ పేరు వస్తుంది. 2014 మేలో 13 ఏళ్ల వయసులో ఎక్కిందని అందరికీ గుర్తు. ముందు భువనగిరి బండల మీద, తర్వాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో నెలల తరబడి సాగిన శిక్షణ అంతగా గుర్తుండదు. మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అంతటివాడూ 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయాడు. వీళ్లను తలచుకుని గర్వపడే మనం, వాళ్లు కొండకు ఇచ్చిన సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రభుత్వాలు చేసినవి లేకపోలేదు. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి అడవి మంటల్లో ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయాక తమిళనాడు ట్రెక్కింగ్‌కు ప్రత్యేక నియమాలు తెచ్చింది. ఎండాకాలంలో మంటల ముప్పు ఉన్న రోజుల్లో దారులు మూసేస్తోంది. 2024 జనవరి లాంగ్ వీకెండ్‌లో కుమారపర్వతం మీద వేల మంది చీమల బారులా కిక్కిరిసిన వీడియోలు బయటికొచ్చాక, కర్ణాటక కొన్నాళ్లు ట్రెక్‌లు ఆపి, ఆన్‌లైన్ బుకింగ్, దారికి రోజుకు 300 మంది పరిమితి పెట్టింది. మంచి పనులే. అవి జనాన్ని తగ్గించాయి, తొందరను కాదు. ఇప్పటికీ శుక్రవారం రాత్రి టెంపో ట్రావెలర్‌లో సగం నిద్రతో వెళ్లి, తెల్లారేసరికి కొండెక్కి, ఆదివారం అర్ధరాత్రి బెంగళూరు సిల్క్ బోర్డ్ దగ్గర దిగేవాళ్లే ఎక్కువ. రెండు రోజుల్లో కొండ అయిపోవాలన్న అలవాటు అక్కడే పడుతుంది. ఆ అలవాటుతోనే హిమాలయాలకు వెళ్తాం.

అందుకే మార్పు మన వైపు నుంచే మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. బుక్ చేసే ముందు శిఖరం ఫొటోలు కాదు, రోజువారీ పట్టిక అడగండి. ఏ రాత్రి ఎన్ని మీటర్ల దగ్గర పడుకుంటామో రాసుకుని తీసివేతలు చేయండి. అదనపు రోజు ఉందా, దాన్ని వాడాల్సి వస్తే ఖర్చెవరిది, ఒకరిని కిందికి దించాల్సి వస్తే తోడు ఎవరు వెళ్తారు, ఆక్సిజన్ సిలిండర్ ఏ క్యాంపులో ఉంటుంది అని అడగండి. జవాబు నాన్చితే ఆ ప్యాకేజీ వద్దు. ఇన్సూరెన్స్ కాగితం కూడా చదవాలి, చాలా పాలసీల్లో ఇన్ని మీటర్లు దాటితే వర్తించదన్న షరతు ఉంటుంది. తొమ్మిది రోజుల్లో కుదరకపోతే ఎత్తు తక్కువున్న ట్రెక్ ఎంచుకోండి. మూడు వేల మీటర్ల లోపు ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ ఊళ్ల మధ్య నడకలు ఎంతో అందంగా ఉంటాయి, అక్కడ మంచుతో పాటు మనుషులూ కనిపిస్తారు.

ఇంకొక మాట గైడ్ల గురించి. సంక్రి, లోహాజంగ్ లాంటి ఊళ్ల కుర్రాళ్లకు ఈ కొండలు పుట్టిల్లు. మబ్బు కదలిక చూసి ఈ రోజు వద్దని చెప్పగలిగేది వాళ్లే. కానీ చివరి రోజు బ్యాచ్ అంతా కలిసి ఇచ్చే టిప్ శిఖరం ఎక్కితేనే నిండుగా వస్తుంది. మధ్యలో వెనక్కి తిప్పితే మొహాలు ముడుచుకుంటాయి, ఇంటికెళ్లాక రేటింగ్‌లో ఒక్క స్టారే పడుతుంది. సీజన్‌లో వచ్చే ఆ నాలుగు నెలల డబ్బుతో ఏడాది గడపాల్సిన మనిషి, మన ముందు నిలబడి "వెనక్కి పోదాం" అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. వెనక్కి తిప్పిన బ్యాచ్ కూడా టిప్ తగ్గించకుండా ఇవ్వాలి. రేటింగ్‌లో ఆ నిర్ణయాన్ని, తీసుకున్న గైడ్ పేరును మెచ్చుకుంటూ రాయాలి. తర్వాతి బ్యాచ్‌లో వెళ్లేవాళ్లు అది చదువుతారు, ఆ గైడ్‌కు పని ఇచ్చే యజమానీ చదువుతాడు.