ముందు పాత మందుల డబ్బా ఖాళీ చేయండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం పెట్టిన ఆరోగ్య సదస్సులో బైపాస్ ఆపరేషన్ మీద గంటన్నర మాట్లాడించారు. ఆపరేషనయ్యి ఇంటికొచ్చిన మనిషి మందులెలా వేసుకోవాలన్న అంశానికి మిగిలింది పది నిమిషాలు. అదీ భోజనాల పిలుపులో కొట్టుకుపోయింది. "డాక్టరు రాసిచ్చిన కాగితం ఉందిగా, ఇంకా చెప్పేదేముంది" అని వేదిక మీదే ఒకరన్నారు. ఆ మాట నొప్పించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల కలిగే హానిని తగ్గించే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ముఖ్యంగా చూడమన్న మూడు సందర్భాల్లో ఒకటి, రోగి ఒకచోటి వైద్యం నుంచి మరోచోటికి మారే సమయం. ఆస్పత్రి నుంచి ఇంటికి రావడమంటే అదే.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ప్రతి మాత్రా నర్సు చూసి ఇస్తుంది. బీపీ బాగా తగ్గిందని ఒకటి ఆపుతారు, కిడ్నీ పరీక్ష చూసి ఇంకోదాని మోతాదు తగ్గిస్తారు. ఇంట్లో డబ్బాకు ఇవేవీ తెలియవు. అందులో పాతవన్నీ అలాగే ఉంటాయి. మన పెద్దవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. బీపీకి, గుండెకు ఇండియా నుంచి తెచ్చుకున్న మెట్ ఎక్స్ఎల్, ఇక్కడి ఆస్పత్రి ఇచ్చిన మెటోప్రొలాల్ రెండూ ఒకే మందని పేరు చూస్తే తట్టదు. రెండూ వేసుకుంటే నాడి మరీ నెమ్మదించి, కళ్లు తిరిగి పడిపోవచ్చు. జ్వరానికీ నొప్పికీ వేసుకునే అక్కడి డోలో, ఇక్కడి టైలెనాల్ కూడా అంతే. పారాసిటమాల్ అన్నా అసిటమినోఫెన్ అన్నా ఒకటే. డోలో 650 రోజుకు నాలుగు, వాటికి తోడు ఆస్పత్రి ఇచ్చిన 500వి రెండేసి మూడుపూటలా వేసుకుంటే మొత్తం 5,600 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజంతటికీ దాటకూడని హద్దు 4,000. కాలేయం బాగోకపోతే అంతకంటే తక్కువే. దాటితే దెబ్బతినేది ఆ కాలేయమే. జలుబు మాత్రల్లోనూ ఈ మందు దాగి ఉంటుంది.

అందుకే వార్డు వదలకముందే ఒక కాగితం మీద నాలుగు వరుసలు గీయండి: కొత్తగా ఇచ్చినవి, మోతాదు మారినవి, ఎప్పటిలా కొనసాగేవి, ఆపేసినవి. తరచూ జారిపోయేది నాలుగో వరుసే. "ఇంట్లో వేసుకుంటున్న వాటిలో ఏవి మానేయాలి?" అని నోరు తెరిచి అడగండి. ప్రతి మందుకూ కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో, దేనికో, ఏ పూటో, ఎన్నాళ్లో రాయించుకోండి. ఆ రోజు ఆస్పత్రిలో ఆఖరి మోతాదు ఎన్నింటికి వేశారో కూడా అడగండి. అది తెలియకే ఇంటికి రాగానే అదే మందు రెండోసారి వేయడమో, రాత్రి మోతాదు ఎగరగొట్టడమో జరుగుతుంది.

చీటీ మీది పొడి అక్షరాలను నమ్ముకోకండి. మన డాక్టర్లు ఓడీ అని రాస్తే రోజుకొకసారి అని. వేరే దేశపు ఫార్మసిస్టుకు అది కుడికన్నుగా కనిపించొచ్చు. 1-0-1 అన్నది మనకు అర్థమైనట్టు అందరికీ అర్థం కాదు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని పూర్తిగా రాసుకోవడమే క్షేమం.

ఇన్సులిన్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇండియాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాలు, వాటికి సరిపడే సిరంజిలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అమెరికాలో సాధారణంగా దొరికేది 100 యూనిట్లది. వంద యూనిట్ల సీసాలోంచి పాత 40 సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. చక్కెర పడిపోయి స్పృహ తప్పడానికి అది చాలు. అటుది ఇటు చేసి, 40 యూనిట్ల సీసాలోంచి 100 సిరంజితో 20 గీత దాకా తీస్తే 20కి బదులు 8 యూనిట్లే వెళ్తాయి, చక్కెర పెరిగిపోతుంది. సీసా మారినరోజే పాత సిరంజిలన్నీ తీసేయండి. తెరవనివాటిని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

వారం మాత్రలు సర్దుకునే గళ్ల పెట్టె మంచిదే, నింపేది ఒక్క మనిషే అయితే. నింపేటప్పుడు కాగితం ఎదురుగా ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే డాబిగాట్రాన్ లాంటివి తేమకు పాడైపోతాయి, వాటిని కంపెనీ ప్యాకింగులోనే ఉంచాలి. నొప్పొస్తేనే వేసుకునేవి ఆ పెట్టెలో పెట్టకండి. మింగలేకపోతున్నారని నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను పొడి చేస్తే రోజంతా అందాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ద్రవరూపంలో దొరుకుతుందేమో ఫార్మసిస్టును అడగండి. ఒక పూట మరిచిపోయామని తర్వాతి పూట రెండు వేయకండి.

కీళ్లవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు వేసుకునేది. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు, అందుకే వారంలో ఏ రోజో పెట్టె మీదే రాసిపెట్టాలి. స్టెంట్ పడ్డాక ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ పంటి వైద్యానికి వెళ్తున్నామనో, ఒళ్లు బాగుందనో సొంతంగా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టొచ్చు. వారాల తరబడి వాడిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఉన్నట్టుండి మానకూడదు, డాక్టరు చెప్పిన లెక్కలో దించుకుంటూ రావాలి.

మందు పారేయడానికి మనసొప్పని తరం మనది. ఎప్పుడైనా పనికొస్తుందని దాచడం, పక్కవాళ్లకు నొప్పంటే మన పట్టీలోంచి రెండు తుంచివ్వడం, అన్నీ ప్రేమతో చేసేవే. ఆ ప్రేమను తప్పుపట్టలేను. కానీ బీపీకి ఎనలాప్రిల్ లాంటిది, ఒంట్లో నీరు తీసే మాత్ర కలిసి వేసుకుంటున్న మనిషికి అలా ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పిమాత్ర కిడ్నీలను దెబ్బతీయొచ్చు. తప్పు ఇంటివాళ్లదే అనడమూ న్యాయం కాదు. హడావిడిగా పంపేసే ఆస్పత్రులు, అర్థంకాని భాషలో ఇచ్చే కాగితాలు కూడా ఇందులో భాగమే. ఇంగ్లీషు రాని అమ్మానాన్నల ముందు పది పేజీలు పెట్టి సంతకం చేయించుకుంటే ఎవరికి మేలు?

సంఘానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే సదస్సులో భోజనాల గంటకు ముందు కాదు, పొద్దున మొదటి గంట దీనికివ్వండి. వేదిక మీద ఉపన్యాసం అక్కర్లేదు. నాలుగు బల్లలేసి, ఒక్కో బల్ల దగ్గర తెలుగు మాట్లాడే ఫార్మసిస్టునో, నర్సునో కూర్చోబెట్టండి. ఇంట్లో ఉన్న మందులన్నీ, విటమిన్లూ ఆయుర్వేదం మాత్రలతో సహా, సంచిలో వేసుకుని రమ్మని ముందే చెప్పండి. ఆ సంచి బల్ల మీద బోర్లించి, ఒక్కొక్కటీ చదివి, ఆ నాలుగు వరుసల కాగితం తెలుగులో రాసి చేతికివ్వండి. మారుస్తారో ఆపుతారో వాళ్ల డాక్టరే తేల్చాలి, మనం అడగాల్సిన ప్రశ్నలు ఆ కాగితం కిందే రాసివ్వాలి.