మెట్లెక్కితే కడుపులో బిడ్డ కణాలు నలిగిపోతాయా?

వరంగల్, హన్మకొండ ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ కొన్నాళ్లుగా చక్కర్లు కొడుతోంది. దాని సారం ఇది: పిండం కణాలు మహా సున్నితం, ఒత్తిడి తగిలితే చస్తాయి. ఒక్క కణం చచ్చినా బిడ్డకు అవకరమే. ఇది సైంటిస్టులు ల్యాబ్‌లో నిరూపించారు. కనుక తల్లి తొమ్మిది నెలలూ మంచం దిగొద్దు, లోపల బిడ్డ ఎంత తక్కువ కదిలితే అంత మేలు. నేను జువాలజీ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని కాబట్టి అందరూ నాకే పంపుతున్నారు. "సారూ, మా కోడలు దినాం మెట్లెక్కి దిగుతది, ఏమన్న అయితదా?" అని మా వీధి అవ్వ అడిగింది. ఏమీ కాదని ఒక్క మాటలో చెప్తే ఆమె నమ్మలేదు. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

"ఒక్క కణం చచ్చినా అవకరం" అన్నది ముందు చూద్దాం. నిజం దీనికి పూర్తిగా తలకిందులు. వేళ్లు విడిపోకముందు పిండం చెయ్యి ఒకే ముద్దగా ఉంటుంది. వేళ్ల మధ్య కణాలు చస్తేనే వేళ్లు విడివడతాయి. కోడిపిల్ల కాలివేళ్ల మధ్య కణాలు చస్తాయి, బాతుపిల్లకు ఆ చావు తక్కువ, అందుకే దాని వేళ్ల మధ్య పొర మిగులుతుంది. సి. ఎలిగన్స్ అనే చిన్న పురుగులో ఎదుగుదల సమయంలో 1090 దేహకణాలు పుడితే అందులో సరిగ్గా 131 చస్తాయి. ప్రతి పురుగులోనూ అంతే, అవే కణాలు. ఆ లెక్క మీద జరిగిన పనికే బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్ అనే శాస్త్రవేత్తలకు 2002లో నోబెల్ వచ్చింది.

"ల్యాబ్‌లో నిరూపించారు." ఇందులో కొంత నిజం ఉంది, అందుకే మెసేజ్ నమ్మబుద్ధేస్తుంది. 2012లో పండ్ల ఈగ ప్యూపా (పురుగు ఈగగా మారే మధ్య దశ) వీపు పొరలోనూ, జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిల్లల రెక్క అంచుల్లోనూ ఒక సంగతి గమనించారు. పొరలో కణాలు కిక్కిరిస్తే కొన్ని పొర నుంచి బయటికి జారిపోతున్నాయి. మేడారం జాతర బస్సులో ఫుట్‌బోర్డు మీద ఉన్నవాడు జనం తోపుకు కిందికి దిగిపోయినట్టు. అయితే జీబ్రాఫిష్‌లో ఆ కణాలు నలిగి చావలేదు. బతికుండగానే బయటపడి, పక్క కణాల పట్టు తప్పాక చచ్చాయి. ఈగలో ఆ తర్వాత జరిగిన పనిలో ఇంకొకటి తేలింది: కణం సాగినప్పుడు ఈఆర్‌కే అనే సంకేతం దాన్ని బతికిస్తుంది, ఇరుకైతే ఆ సంకేతం తగ్గి, చంపే ఎంజైములది పైచేయి అవుతుంది. ఈ ఇరుకు ఎక్కడిది? ఆ పొర తనంత తాను పెరగడం వల్ల వచ్చింది. తల్లి వంగి చీపురు పట్టినందుకు కాదు.

మెసేజ్ రాసినాయన చదవని ప్రయోగం ఇంకోటుంది. 1997లో రక్తనాళాల లోపలి పొర కణాలను జిగురు చుక్కల మీద పెంచారు. చిన్న చుక్క మీద పడ్డ కణం ముడుచుకుని గుండ్రంగా ఉండి చచ్చింది. పెద్ద చుక్క మీదిది పరుచుకుని బతికింది. మరి జిగురు ఎక్కువైనందుకు బతికిందా, పరుచుకున్నందుకా? తేల్చడానికి జిగురును అతిచిన్న చుక్కలుగా విడగొట్టి దూరం దూరంగా పెట్టారు. జిగురు తగిలే చోటు దాదాపు అంతే, కానీ కణం చుక్క నుంచి చుక్కకు సాగాలి. సాగింది, బతికింది. అంటే ఇక్కడ లాగుడు లేకపోవడమే చావు తెచ్చింది.

కణం ఈ లాగుడును ఎలా పసిగడుతుంది? 2010లో ఆర్డెమ్ పటాపౌటియన్ అనే శాస్త్రవేత్త బృందం పియెజో అనే ప్రొటీన్లను కనిపెట్టింది, 2021 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. కణం పొర సాగితే తెరుచుకునే ద్వారాలవి. చిత్రం ఏంటంటే కిక్కిరిసిన చోట కణాన్ని బయటికి పంపడంలోనూ, సాగిన చోట కణాన్ని విభజనకు దింపడంలోనూ పియెజో-1 చెయ్యి ఉంది.

ఇక "ఒత్తిడి తగిలితే" అన్న ముక్క. బిడ్డ ఉమ్మనీటిలో ఉంటుంది. నీటి మీద పడ్డ ఒత్తిడి అన్ని వైపులకూ సమంగా పంచుకుపోతుంది. కడుపు మీద గట్టి దెబ్బ తగిలితే మాత్రం సంగతి వేరు, ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. అక్కడ భయం మాయ గర్భసంచి గోడ నుంచి ఊడుతుందేమోనని. రక్తస్రావం వంటివి ఉండి డాక్టర్ విశ్రాంతి తీసుకోమంటే తీసుకోవాల్సిందే. ఏ సమస్యా లేనివాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. నెలల తరబడి మంచాన పడితే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. అసలు పరకాల దిక్కు పత్తి ఏరబోయే ఆడమనిషి ఈ మెసేజ్ చదివితే ఏమనుకోవాలి? ఆమెకు నీడ, నీళ్లు, మధ్యలో కూర్చునే తీరిక కావాలి. లేని పాపభయం ఎందుకు?

అన్నిటికంటే చెడ్డది చివరి ముక్క, "బిడ్డ ఎంత తక్కువ కదిలితే అంత మేలు". గుడ్డులోని కోడిపిల్లకు మందుతో కండరాలు పడిపోయేలా చేస్తే కీళ్ల మధ్య ఖాళీ సరిగా ఏర్పడక ఎముకలు అతుక్కుపోతాయి. మన బిడ్డలు కడుపులోనే ఊపిరి కదలికలు సాధన చేస్తారు, ఊపిరితిత్తుల్లో నిండిన ద్రవం వాటిని లోపలి నుంచి సాగదీస్తుంది. నడి నెలల్లో ఉమ్మనీరు కారిపోతే ఊపిరితిత్తులు ఎదగకపోవడానికి ఆ సాగుడు తగ్గడం ఒక కారణం. ఏడో నెల దాటాక బిడ్డ కదలికలు మామూలు కంటే తగ్గినట్టు అనిపిస్తే ఈ మెసేజ్ చూసి సంతోషపడకండి, తెల్లారేదాకా ఆగకండి, అప్పుడే ఆస్పత్రికి వెళ్లండి.