గుల్ల లేని గినుట్టు

(వాదనకు విషయం: ఫిలిప్పీన్స్‌లో ఉత్తర లూజాన్ కొండల మీద ఉండే ఇఫుగావ్ మగవాళ్ళ నడుముపట్టీ, గినుట్టు. తెల్లటి సముద్రపు గుల్లల్ని గుండ్రటి బిళ్ళలుగా కోసి, వరసగా గుచ్చి చేస్తారు. ఆ బిళ్ళలు ప్లాస్టిక్‌వైతే అదీ గినుట్టేనా?)

బాబాయి: కానే కాదు. ఇఫుగావ్ సీమకి సముద్రమే లేదు. పల్లపు ఊళ్ళవాళ్ళతో బేరాలు సాగి, చేతులు మారి మారి కొండెక్కిన గుల్ల అది. విలువంతా ఆ దూరానిదే.

వనజ: అంటే మొదట్నుంచీ పరాయి సరుకేగా బాబాయ్! అప్పుడు గుల్ల కొన్నారు, ఇప్పుడు ప్లాస్టిక్ కొంటారు.

బాబాయి: రెండూ ఒకటా? అక్కడ కడంగ్యాన్ అంటే వరిమళ్ళు దండిగా ఉన్న ఆసామి. పందుల్ని కోసి, బియ్యపు కల్లు పోసి, ఊరందరికీ విందు పెడితేగాని ఆ హోదా దక్కదు. గినుట్టు అలాంటి స్థితిమంతుల సొత్తు. అంగట్లో దొరికే ప్లాస్టిక్‌కి ఆ బరువెక్కడిది?

వనజ: విందు పెట్టనివాడు గుల్లలు కొనుక్కుని కట్టుకుంటే కడంగ్యాన్ అవుతాడా?

బాబాయి: అవడు.

వనజ: మరి హోదా ఇచ్చింది విందే, గుల్ల కాదు.

బాబాయి: తొందరపడకు. విందు తిన్నవాళ్ళు మర్చిపోతారు. గుల్ల తాత నడుము నుంచి మనవడి నడుముకి వస్తుంది. ప్లాస్టిక్‌ని ఎవడు దాస్తాడు?

వనజ: మన లంబాడీ అవ్వల రవికలు చూడండి. తెలంగాణకీ సముద్రం లేదు, గవ్వలు వర్తకంలో వచ్చినవే. ఇప్పుడు వాటి పక్కన ప్లాస్టిక్ పూసలు కుడుతున్నారు. అది లంబాడీ రవిక కాదని ఆ అవ్వ ముందు అనండి!

బాబాయి: అనను, తంతుంది. కానీ ఆవిడ పూసలు పక్కన కుట్టింది, గవ్వలు పీకి పారేయలేదు.

వనజ: సరే, ఆ మాట మీదే. మరి అసలు గుల్లల పట్టీలు ఎన్నో పరదేశపు మ్యూజియాల్లో, పాతసామాన్ల వ్యాపారుల దగ్గర ఉన్నాయి. వాటిని కట్టుకునే నడుమే లేదు. ఇఫుగావ్ సీమలోని బనావె ఊరి పండగలో ఆడే కుర్రాడికి ప్లాస్టిక్కే దొరికిందనుకోండి. ఏది గినుట్టు?

బాబాయి: అద్దాల పెట్టెలోదే. కుర్రాడిది వేషం. గుల్లలు కొండ దిగిపోతే ప్లాస్టిక్‌ని వెనకేసుకు రావడమెందుకు? పట్టుకుపోయినవాళ్ళని తిరిగిమ్మని అడుగు.

వనజ: అడుగుదాం. వాళ్ళిచ్చేదాకా ఆ పిల్లాడు ఒట్టి గోచీతో ఆడాలా?